వడ్రంగి కూతురు చదివిన అరిస్టాటిల్: నికోమాకియన్ ఎథిక్స్, రెండు అనువాదాల మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, నేను ఫిలాసఫీ చదువుకున్న మనిషిని కాదు, బీకాం చేసి అకౌంట్స్ పని చేసుకుంటున్నాను. ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్, మనిషి ఎలా బతికితే మంచి బతుకు అని అడిగిన ఈ పుస్తకం నాకు దొరికింది ఆబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో. పెంగ్విన్ వాళ్లది, జె.ఎ.కె. థామ్సన్ అనువాదం. 1953లో వచ్చినదాన్ని 1976లో హ్యూ ట్రెడెన్నిక్ సరిదిద్దాడు, జొనాథన్ బార్న్స్ ముందుమాట రాశాడు. పేజీలు పసుపు రంగుకి తిరిగాయి, అక్షరం చిన్నది. నిలబడే తిరగేస్తుంటే మొదటి భాగంలోనే వడ్రంగి కనబడ్డాడు. వడ్రంగికీ చెప్పులు కుట్టేవాడికీ వాళ్లదంటూ ఒక పని ఉంటుంది కదా, మరి మనిషికి మనిషిగా చేయాల్సిన పనేదీ లేదా అని అడుగుతున్నాడు అరిస్టాటిల్. మా నాన్న తెనాలిలో వడ్రంగి. అందుకే కొన్నాను, వేరే కారణం లేదు.

దానితో ఏడాది కుస్తీ పట్టి సగంలో ఆపేశాను. తర్వాత టెరెన్స్ ఇర్విన్ అనువాదం బాగుంటుందని ఎవరో చెబితే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను, హ్యాకెట్ వాళ్లు 2019లో తెచ్చిన మూడో ముద్రణ. అమ్మినాయన మొదట తడిసి ఉబ్బిపోయిన కాపీ పంపాడు, దాన్ని మార్చి ఇవ్వడానికి మూడు వారాలు తిప్పించుకున్నాడు. అది పుస్తకం తప్పు కాదు కాబట్టి రేటింగ్‌లో లెక్కలోకి తీసుకోవడం లేదు. కింద రాసేదంతా ఈ రెండు కాపీలనూ పక్కపక్కన పెట్టుకుని చదివాక రాస్తున్నది.

కొనేవాళ్లకి ముందు తెలియాల్సిన సంగతి, ఇది తీరిగ్గా కూర్చుని పాఠకుల కోసం రాసిన పుస్తకంలా ఉండదు, పాఠం చెప్పడానికి రాసుకున్న నోట్స్‌లా ఉంటుంది. అరిస్టాటిల్ క్రీ.పూ. 384లో స్తగిరాలో పుట్టి, పదిహేడేళ్లకు ఏథెన్స్ వచ్చి, తన గురువు ప్లేటో నడిపిన అకాడమీ అనే బడిలో దాదాపు ఇరవై ఏళ్లు గడిపి, క్రీ.పూ. 335లో లైసియం అనే సొంత బడి పెట్టాడు. ఆయన తండ్రి పేరూ కొడుకు పేరూ నికోమాకసే, పుస్తకానికి ఆ పేరు అలా వచ్చిందంటారు. మొత్తం పది భాగాలు. ఒకచోట మొదలుపెట్టిన మాటని వదిలేసి మూడు పేజీల తర్వాత మళ్లీ పట్టుకుంటాడు, ఒక్కోసారి అసలు పట్టుకోడు. థామ్సన్ ఆ గతుకులన్నీ చదును చేసి నున్నటి ఇంగ్లిష్‌లో పెట్టాడు, చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ ఎక్కడ ఆగి ఆలోచించాలో తెలియదు. ఇర్విన్ గతుకుల్ని అలాగే ఉంచాడు. తను కలిపిన మాటల్ని చదరపు బ్రాకెట్లలో పెట్టాడు, అధ్యాయాలకు చిన్న శీర్షికలు ఇచ్చాడు, వెనకాల వివరణలూ ఒక పెద్ద పదకోశమూ ఉన్నాయి. నన్ను గట్టెక్కించింది ఆ పదకోశం.

ఎందుకంటే నేను మొదటిసారి ఆగిపోవడానికి కారణం ఒకే ఒక్క మాట. ఇంగ్లిష్‌లో వర్చ్యూ అని ఉంటుంది. డిక్షనరీలో చూస్తే సద్గుణం. సద్గుణం అనుకుని చదివితే పుస్తకమంతా స్కూల్లో నీతిబోధ క్లాసులా తోస్తుంది, అబద్ధమాడకు, పెద్దల మాట విను, అలాంటివి. కానీ గ్రీకులో ఆ మాట అరెతే. గుర్రానికి కూడా అరెతే ఉంటుందని ఆయనే చెబుతాడు. బాగా పరుగెత్తడం, రౌతుని మోయడం, శత్రువు ఎదురైతే బెదరకుండా నిలబడడం, ఇదీ గుర్రం అరెతే. కంటికి అరెతే ఏమిటంటే బాగా చూడడం. దీన్ని సద్గుణం అంటే ఎలా కుదురుతుంది, కంటికి సద్గుణమేమిటి?

ఇక్కడ తెలుగే నాకు సాయం చేసింది. మనం మంచి కత్తి అంటాం, మంచి ఎద్దు అంటాం, మంచి తలుపు అంటాం. దాని పని అది బాగా చేస్తుందని మన ఉద్దేశం. అదే మంచి మనిషి అనగానే అర్థం మారిపోతుంది. ఎవరి జోలికీ పోనివాడు, మెత్తనివాడు, ఒక్కోసారి ఏమీ చేతకానివాడు అని కూడా. అరిస్టాటిల్ దగ్గర ఈ రెండు మంచిలూ ఒకటే. మనిషి చేయాల్సిన పని ఒకటుంది, అది బుద్ధిని వాడుతూ బతకడం, ఆ పని బాగా చేసేవాడే మంచి మనిషి. అదీ ఒకరోజు చేస్తే సరిపోదు, నిండు జీవితం కావాలి, ఒక్క పిట్ట కనబడితే వసంతం వచ్చేసినట్టు కాదు అంటాడు. ఇది అర్థమయ్యాక మళ్లీ మొదటి పేజీ నుంచి చదివితే వేరే పుస్తకం చదివినట్టే ఉంది.

రెండో భాగం గురించి ఎంత రాసినా నాకు తృప్తి ఉండదు. మంచితనం పుట్టుకతో రాదు, వింటే రాదు, చేస్తే వస్తుంది అన్నదే అందులో సారాంశం. ఇళ్లు కడుతూ కడుతూ కట్టేవాళ్లవుతారు, లైర్ అనే తీగల వాద్యం వాయిస్తూ వాయిస్తూ వాయించేవాళ్లవుతారు, అలాగే న్యాయమైన పనులు చేస్తూ చేస్తూ న్యాయమైనవాళ్లవుతారు. రాయిని పదివేలసార్లు పైకి విసిరినా పైకి పోవడం దానికి అలవాటు కాదు, మనిషికి మాత్రం అవుతుంది. దీనికి ఇంగ్లిష్‌లో హ్యాబిట్ అన్న మాట వాడితే కాఫీ తాగడమూ గోళ్లు కొరకడమూ గుర్తొస్తాయి. మా నాన్న వాడే మాట వేరే ఉంది, చేయి తిరగడం. ఆయన దగ్గర పనికి చేరిన కుర్రాళ్లు మొదటి ఏడాదంతా చిత్రిక పట్టడమే. చెక్క తర్వాత చెక్క, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఒకరోజు ఎప్పుడో, ఏ రోజని వాళ్లకే తెలియదు, చేయి తిరుగుతుంది. ఆ తర్వాత చెక్క రేఖ ఎటు పోతోందో కన్నుతో చూడకుండానే చేతికి తెలుస్తుంది. అరిస్టాటిల్ ధైర్యం గురించీ నిగ్రహం గురించీ చెప్పేది సరిగ్గా ఇదే. ధైర్యం కూడా చేయి తిరగాల్సిన పనే.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది దాటేసి పోతారు. లైర్ వాయించడం వల్లే మంచి వాయిద్యకారులూ తయారవుతారు, చెడ్డ వాయిద్యకారులూ తయారవుతారు అంటాడు. అంటే సాధన ఒక్కటే చాలదు, తప్పుగా చేస్తే తప్పే గట్టిపడుతుంది. నాన్న వేరే షాపులో నాలుగేళ్లు చేసి వచ్చినవాడి కంటే ఏమీ రానివాణ్ని తీసుకోవడానికే ఇష్టపడతాడు. తప్పుగా తిరిగిన చేతిని మళ్లీ తిప్పడం కష్టం అంటాడు. చిన్నప్పటి నుంచీ ఏ అలవాట్లు పడతాయన్నది చిన్న విషయం కాదు, మొత్తం తేడా అంతా అక్కడే ఉందని అరిస్టాటిల్ రాసిన వాక్యం చదివినప్పుడు, నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నా పిల్లలిద్దరి మీద ప్రతిరోజూ నేను ఏ చిత్రిక పడుతున్నానో అనిపించి.

మధ్యమార్గం సంగతికొస్తే, అరిస్టాటిల్ అనగానే అందరికీ తెలిసింది అదొక్కటే, తప్పుగా అర్థమయ్యేదీ అదే. పెంగ్విన్ కాపీలో రెండో భాగం ఏడో అధ్యాయంలో ఒక పట్టిక ఉంది, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ, మధ్యలో అరెతే. తెగింపు, పిరికితనం, వాటి నడుమ ధైర్యం, అలా వరసగా. పట్టిక చూడ్డానికి బాగుంటుంది, నా లాంటి అకౌంట్స్ మనిషికి మరీ బాగుంటుంది, కానీ అది చూసి సగటు తీయడమే పని అనుకుంటే మోసపోతాం. సగటు కాదని చెప్పడానికే ఆయన మైలో అనే పహిల్వాన్ ఉదాహరణ ఇస్తాడు. పది మినాల (మినా అంటే పాత గ్రీకు తూకం) తిండి ఎక్కువ, రెండు మినాలు తక్కువ, కాబట్టి ఆరు పెట్టేయమని శిక్షకుడు చెప్పడు, ఎందుకంటే ఆరు మైలోకి చాలదు, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవాడికి ఎక్కువవుతుంది. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది చూసుకోవాలి. కొన్నిటికి మధ్య అనేదే లేదని కూడా చెబుతాడు. దొంగతనం, హత్య, వ్యభిచారం సరైన మోతాదులో చేయడమంటూ ఉండదు.

కోపం గురించి రాసిన మాటలు నాకు రోజూ పనికొస్తున్నాయి. కోపం తెచ్చుకోవడం ఎవరైనా చేయగలరు, తేలికే, కానీ తగిన మనిషి మీద, తగినంత, తగిన సమయంలో, తగిన కారణానికి, తగిన తీరులో తెచ్చుకోవడం అందరి వల్లా కాదు. ప్రతి నెలా 20వ తేదీ దగ్గరపడుతుంటే జీఎస్టీ రిటర్న్‌ల టెన్షన్‌లో నేను ఎవరి మీద అరుస్తానో నాకు తెలుసు. తప్పు క్లయింట్‌ది, అరుపులు మాత్రం మా జూనియర్ అమ్మాయికి. అసలు కోపమే రానివాడు కూడా తప్పేనంటాడు ఈయన, తగినచోట కోపం రాకపోతే అది మందకొడితనమట. కాబట్టి నేను కోపం మానేయాలని అనుకోవడం లేదు, దాని దారి మార్చాలని చూస్తున్నాను. క్లయింట్‌కి ఫోన్ చేసి కాగితాలు ఎందుకు పంపలేదని గట్టిగా అడగడం మొదలుపెట్టాను. మొదటి రెండు నెలలు గొంతు వణికింది.

ఇదే భాగం చివర్లో ఒక సలహా ఉంది. మనం ఎటువైపు ఎక్కువ ఒరుగుతామో చూసుకుని దానికి ఎదురువైపు లాక్కోవాలి, వంగిన కర్రని సాపు చేసేవాళ్లు చేసినట్టు. ఇది నిజమేనా అని నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, వంగిన చెక్కని ఎలా సాపు చేస్తారు?"

"ఇప్పుడెందుకమ్మా అది?"

"ఒక పుస్తకంలో ఉంది."

"లోతుగా ఉన్నవైపు తడిపి, తిరగేసి బరువు పెడతాం. సాపయ్యేదాకా పెడితే చాలదమ్మాయ్, ఇంకాస్త అవతలికి పోనివ్వాలి. బరువు తీశాక మళ్లీ కొంచెం వెనక్కొచ్చిద్ది."

ఆ వెనక్కొచ్చిద్ది అన్నది పుస్తకంలో లేదు. ఉంటే బాగుండేది.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. లంబకోణాన్ని జ్యామితి పండితుడూ చూస్తాడు, వడ్రంగీ చూస్తాడు, కానీ వడ్రంగి తన పనికి ఎంత కావాలో అంతవరకే చూస్తాడని మొదటి భాగంలో ఉంది. ప్రతి విషయంలోనూ దానికి తగినంత ఖచ్చితత్వమే అడగాలని చెప్పడానికి ఇది తెచ్చాడు. ఐదో భాగంలో లెస్బోస్ ద్వీపపు తాపీవాళ్ల సీసపు కొలబద్ద వస్తుంది. అది రాయి వంకరని బట్టి వంగుతుంది. చట్టం అందరికీ కలిపి ఒకటే రాస్తారు, ఒక్కో మనిషి సంగతి చట్టంలో ఇమడనప్పుడు ఆ కొలబద్దలా వంగాలి, అలా వంగడం న్యాయం తప్పడం కాదు, ఇంకా మేలైన న్యాయం. పాత ఇంటి వంకర గోడకి అలమర బిగించేటప్పుడు నాన్న అట్టముక్క కత్తిరించుకుని గోడ వంపు దాని మీదికి ఎక్కించుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో. ఐదో భాగంలో మిగతాదంతా, పంపకాల లెక్కలూ నిష్పత్తులూ, నాకు నీరసం తెప్పించింది. తొందరపడి తిరగేశాను, మళ్లీ చదవాలి.

రెండో పెద్ద మాట యుడైమోనియా. రెండు అనువాదాల్లోనూ హ్యాపీనెస్ అనే పెట్టారు. ఇర్విన్ పదకోశంలో ఈ మాటకి ఉన్న ఇబ్బందిని వివరించాడు కానీ పాఠంలో మాత్రం అదే వాడాడు. ఇది నాకు నచ్చలేదు. హ్యాపీ అంటే ఈ పూట నా మనసెలా ఉందన్నది. ఆయన అడుగుతున్నది బతుకెలా సాగిందన్నది. మా ఊళ్లో ఎవరైనా పెద్దవాళ్లు పోయినప్పుడు అరుగు మీద కూర్చున్నవాళ్లు "బాగా బతికాడు" అంటారు. డబ్బున్న ప్రతివాడి గురించీ అనరు, నవ్వుతూ తిరిగిన ప్రతివాడి గురించీ అనరు. ఆ మాటే యుడైమోనియాకి నాకు దొరికిన దగ్గరి మాట. మనిషి పోయేదాకా అతను బాగా బతికాడని చెప్పకూడదని ఏథెన్స్ చట్టకర్త సోలోన్ అన్న మాటని తీసుకుని అరిస్టాటిల్ చాలాసేపు తర్కిస్తాడు, ట్రాయ్ రాజు ప్రియాం ముసలితనంలో పడ్డ కష్టాల్ని గుర్తుచేస్తాడు. అన్నిటికంటే నేను ఆయన్ని మెచ్చుకున్నది ఎక్కడంటే, చిత్రహింస పెట్టే చక్రం మీద ఉన్నవాడు కూడా మంచివాడైతే సుఖంగానే ఉన్నట్టు అనేవాళ్లని అర్థం లేని మాటలు మాట్లాడుతున్నారని తోసిపారేస్తాడు. స్నేహితులు, పిల్లలు, కొంత డబ్బు, ఆరోగ్యం ఇవన్నీ కావాలనే ఒప్పుకుంటాడు. లేమిలో ఉన్నవాడికి మనసు బాగుంటే చాలని చెప్పే పుస్తకాలు నేను చాలా చదివాను, నాన్నకి నడుం పట్టేసి ఆరు నెలలు పని లేనప్పుడు ఇంట్లో ఎలా ఉండేదో వాటికి తెలియదు.

ఏడో భాగం, తెలిసి తెలిసీ తప్పు చేయడం గురించి, బాగుంది. అలాంటివాడు మంచి చట్టాలన్నీ చేసుకుని ఒక్కటీ అమలు చేయని నగరం లాంటివాడంటాడు. కానీ ఇర్విన్ ఇక్కడ వాడిన ఇన్‌కాంటినెన్స్ అన్న మాట నేను ఆసుపత్రి కాగితాల్లో, మూత్రం ఆపుకోలేకపోవడమనే అర్థంలో, తప్ప చూడలేదు, ప్రతిసారీ మనసు పక్కకి పోతుంది. నా కాపీలో మార్జిన్‌లో గ్రీకు మాట అక్రసియా అని పెన్సిల్‌తో రాసుకున్నాను. అలాగే ఫ్రోనేసిస్ అనే మాటకి ఆయన ప్రూడెన్స్ అని పెట్టాడు. అది వింటే ఆచితూచి అడుగేసే పిసినారి మనిషి కళ్లముందుకొస్తాడు. అసలు అర్థం అనుభవంతో వచ్చే వివేకం. కుర్రాళ్లు లెక్కల్లో, జ్యామితిలో దిట్టలు కావచ్చు కానీ ఈ వివేకం మాత్రం వాళ్లలో కనబడదు, దానికి ఏళ్లు కావాలని ఆరో భాగంలో ఉంది.

ఎనిమిది, తొమ్మిది భాగాలు పూర్తిగా స్నేహం గురించే. పదింటిలో రెండు. అవసరం కోసం, సరదా కోసం, మనిషి మంచితనం కోసం అని మూడు రకాలుగా విడదీసి, మూడోది అరుదు, దానికి కాలం పడుతుంది, సామెతలో చెప్పినట్టు కలిసి అంత ఉప్పు తినేదాకా ఒకరికొకరు తెలియరు అంటాడు. మనకి ఉప్పు తిన్న ఇల్లు అంటే రుణం. ఇక్కడ ఎవరూ ఎవరికీ రుణపడరు, ఇద్దరూ ఒకే ఉప్పు తింటారు. ఆఫీసులో పదకొండేళ్లుగా టిఫిన్ డబ్బా పంచుకుంటున్న స్నేహితురాలికి ఈ పేజీ ఫోటో తీసి పంపాను. ఆమె కూడా పుస్తకం చదువుతానంది, నా పెంగ్విన్ కాపీ ఇచ్చేశాను.

ఇప్పుడు బాధపెట్టిన సంగతి. ఈ పుస్తకం చివర అరిస్టాటిల్ చట్టాల వైపూ రాజ్యం వైపూ తిరుగుతాడు, తన పాలిటిక్స్ అనే గ్రంథానికి దారి వేస్తాడు. నేను అదీ చదివాను. ఉత్తమమైన నగరం చేతిపనివాణ్ని పౌరుడిగా చేసుకోదని అందులో ఉంది. చేతిపని చేసేవాడి బతుకు అరెతేకి విరుద్ధమని ఉంది. ఆడవాళ్లకి ఆలోచించే శక్తి ఉంది కానీ దానికి అధికారం లేదని ఉంది. బానిస ప్రాణమున్న పనిముట్టు అన్న మాట అక్కడిదాకా పోకుండానే ఎథిక్స్ ఎనిమిదో భాగంలోనే ఉంది. అప్పట్లో అందరూ అలాగే అనుకునేవారు అని నాకెవరూ చెప్పొద్దు. బానిసత్వం ప్రకృతిలో లేదు, బలవంతం వల్ల వచ్చిందే అని అప్పట్లోనే కొందరు వాదించేవారని ఆయనే పాలిటిక్స్‌లో రాశాడు, విన్నాడు, ఒప్పుకోలేదు. మనిషి ఎలా మంచివాడవుతాడో చెప్పడానికి వడ్రంగినీ తాపీవాణ్నీ లైర్ వాయించేవాణ్నీ అడుగడుగునా పిలిచి, వాళ్ల చేతుల్లోంచి పాఠమంతా తీసుకుని, ఆ పాఠం వాళ్లకి వర్తించదనడం నాకు నమ్మకద్రోహంలా అనిపించింది. చిత్రిక పట్టేవాడికి ఓర్పు చేయి తిరగదా? చెక్కలో పగులుందని కొనేవాడికి ముందే చెప్పి బేరం పోగొట్టుకున్న నాన్నకి న్యాయం చేయి తిరగలేదా? ఈ విషయంలో ఆయన తప్పు, ఆయన రాసిన రెండో భాగమే దానికి సాక్ష్యం.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాన్నకి ఇదంతా చెప్పాను. బాడితకి పిడి బిగిస్తూ విన్నాడు.

"అయితే చదవడం మానేశావా?"

"లేదు నాన్నా."

"ఎంతవరకొచ్చావు?"

"రెండోసారి చదువుతున్నా. సగం అయింది."

"కానియ్ మరి," అని పిడి తిప్పి చూసుకున్నాడు.

ఇక ఏది కొనాలంటే, ఒక్కటే కొనేట్టయితే ఇర్విన్. ఐదుకి నాలుగు ఇస్తాను, తగ్గించినది ఆ ఇంగ్లిష్ మాటల ఎంపికకి. ఇంగ్లిష్ చదవడం అంత అలవాటు లేకపోతే థామ్సన్ నయం, వాక్యం ఎక్కడా గుచ్చుకోదు, పాత పుస్తకాల్లో దొరుకుతుంది కూడా. దానికి మూడున్నర. ఏది కొన్నా మొదటి భాగంతో మొదలుపెట్టకండి, రెండో భాగం, తర్వాత ఎనిమిది, తొమ్మిది, అప్పుడు మొదటిది. పదో భాగంలో అన్నిటికంటే గొప్ప బతుకు సత్యాన్ని ధ్యానించే బతుకే అంటాడు. అప్పటిదాకా చెప్పినదానికి అది ఎలా అతుకుతుందో పండితులే ఇంకా తేల్చుకోలేదు, దాన్ని ఆఖరికి వదిలేయండి.

ఇంకొకటి, కొనేముందు మార్జిన్‌లో బెక్కర్ అంకెలు ఉన్నాయో లేదో చూసుకోండి. 1831లో బెర్లిన్‌లో వచ్చిన అరిస్టాటిల్ గ్రంథాల బెక్కర్ ముద్రణ పేజీల అంకెలవి, ఈ పుస్తకానికి 1094ఎ నుంచి 1181బి దాకా ఉంటాయి. ఏ అనువాదమైనా అంకె అదే. గురువారం రాత్రి పిల్లలు పడుకున్నాక నా స్నేహితురాలు థామ్సన్‌తో, నేను ఇర్విన్‌తో ఫోన్‌లో కూర్చుంటాం, అంకె చెప్పుకుని ఒకే చోటికి వస్తాం. ఈ వారం 1155ఎ, స్నేహం మొదలయ్యే చోటు.